ముందు ఒక లైఫ్ పోగొట్టుకుని చూడు తమ్మీ: పాత కన్సోళ్ల షూటర్ గేముల్లో ఏది మేలు?

హన్మకొండ నుంచి ఒక తమ్ముడు అడిగిన సంగతి ఇది. చిన్నప్పుడు కాంట్రా, మారియో తప్ప వేరేవి ఆడలేదట. ఈ మధ్య పాత కన్సోళ్ల గేములన్నీ నడిచే చేతి గేమ్ ఒకటి కొన్నాడు. తెర దానంతటది జరుగుతూ ఉంటే, విమానమో రాకెట్టో నడుపుకుంటూ ఎదురొచ్చినవన్నీ కాల్చుకుంటూ పోయే షూటర్ల మీద మనసు పడింది. సూపర్ నింటెండో, సెగా వాళ్ల మెగా డ్రైవ్, పీసీ ఇంజిన్, ఈ మూడు మిషన్లలో షూటర్లకు ఏది మేలు, దేనితో మొదలుపెట్టాలి అనేది ఒక ప్రశ్న. గ్రేడియస్‌లో ఒక్క లైఫ్ పోయిందంటే చాలు, ఆ తర్వాత రెండు నిమిషాల్లో మిగతా లైఫులు కూడా వరుసగా పోతున్నాయి, తప్పు నాదా గేముదా అనేది ఇంకో ప్రశ్న.

తమ్మీ, నీ రెండో ప్రశ్నకు జవాబు చెబితే మొదటిదానికి సగం జవాబు అందులోనే దొరుకుతుంది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను. తప్పు నీది కాదు. ఆ గేమును అట్లా చేశారు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈయనెవరు ఇంత ధీమాగా మాట్లాడుతున్నాడు అనుకుంటావు. నాది కూడా హన్మకొండే. 1990ల మధ్య నుంచి టీవీలు బాగుచేసే పని. దసరా సెలవులు వచ్చాయంటే దుకాణంలో టీవీల కన్నా వీడియో గేములే ఎక్కువ ఉండేవి. అడాప్టర్ మాడిపోయినవి, రిమోట్ వైరు తెగినవి, క్యాసెట్ పట్టనివి. కార్ట్రిడ్జిని మనమంతా క్యాసెట్ అనేవాళ్లం, నాకు ఇప్పటికీ నోటికి అదే వస్తుంది. ఎక్కువగా వచ్చేవి సమురాయ్ లాంటివి, అంటే జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో వాళ్ల ఫామికామ్‌కు నకళ్లు. అసలు నింటెండో డబ్బా నా దుకాణానికి వచ్చిన గుర్తే లేదు. బాగుచేసినదాన్ని పరీక్షించాలి కదా. ఆ పేరు చెప్పి గంటలకు గంటలు ఆడేవాణ్ని. సోల్డరింగ్ ఐరన్ ఒక పక్క వేడిగానే ఉండేది.

ఒకసారి ఒక పెద్దమనిషి కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. "పోయిన నెలే కొన్న. తెర మీద బొమ్మలు మినుకుమినుకుమంటున్నయి. చిప్పు పోయినట్టుంది, చూడు" అన్నాడు. పెట్టి చూస్తే స్టార్ ఫోర్స్ అనే షూటర్. శత్రువులు ఒకే వరుసలో ఎక్కువమంది వచ్చినప్పుడు కొందరు మాయమై మళ్లీ కనపడుతున్నారు. అదంతా మామూలే. ఆ మిషన్ తెర మీద అడ్డంగా ఒక్కో గీతకు 8 కదిలే బొమ్మలే గీయగలదు. తొమ్మిదోది వస్తే దానికి చోటు లేదు. అందుకని గేము రాసినవాళ్లు ఈ క్షణం ఒకదాన్ని, మరుక్షణం ఇంకోదాన్ని వదిలేస్తూ వంతులవారీగా చూపిస్తారు. అదే మనకు మినుకుమినుకు. ఇదంతా చెప్పినా ఆయన నమ్మలేదు. మన నల్లా నీళ్ల లెక్క అన్నాను, ఇవాళ ఆ గల్లీకి, రేపు ఈ గల్లీకి. అప్పుడు నవ్వి డబ్బా తీసుకుపోయాడు. పైసలు మాత్రం ఇవ్వలేదు, బాగుచేసింది ఏమీ లేదు కదా.

ఈ లెక్క గుర్తుపెట్టుకో. షూటర్ల మధ్య తేడాల్లో సగం ఇలాంటి అంకెల్లోనే ఉంది. మిగతా సగమే నేను అసలు చెప్పదలచుకున్నది: నీ లైఫ్ పోయాక గేము నీ దగ్గర ఏం గుంజుకుంటుంది, నిన్ను తిరిగి ఎక్కడ నిలబెడుతుంది. రంగులు, సంగీతం, స్టేజి చివర వచ్చే పెద్ద శత్రువుల, అంటే బాసుల సైజు చూసి షూటర్లను పోల్చేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒక గేమును చేతిలోకి తీసుకుంటే, మొదటి స్టేజి సగంలో కావాలని ఒకసారి పోయి గోడకు గుద్దుకుంటాను. ఆ తర్వాత జరిగే అర నిమిషంలో ఆ గేము గుణం మొత్తం తెలిసిపోతుంది.

గ్రేడియస్‌నే తీసుకో. కోనామీ కంపెనీ 1985లో ఆర్కేడ్‌కు, అంటే నాణెం వేసి ఆడే పెద్ద మిషన్లకు చేసింది, 1986లో ఫామికామ్‌కు వచ్చింది. కింద ఒక పట్టీ ఉంటుంది చూశావా? వరుసగా స్పీడ్, మిస్సైల్, డబుల్, లేజర్, ఆప్షన్ (నీ వెంటే తిరుగుతూ నీతోపాటు కాల్చే చిన్న గుండు), చివర ప్రశ్నార్థకం గుర్తు, అంటే షీల్డ్. ఎర్ర శత్రువును కొట్టినా, ఒక గుంపును మొత్తం కొట్టినా ఒక గుళిక పడుతుంది. ఒక్కో గుళికకు పట్టీలో వెలుగు ఒక గడి ముందుకు జరుగుతుంది. నీకు కావలసిన గడి మీద ఉన్నప్పుడు బటన్ నొక్కితే అది నీది, వెలుగు మళ్లీ మొదటికి. ఇప్పుడు లెక్క వేద్దాం. ఆడడానికి వీలుగా ఉండాలంటే కనీసం రెండు స్పీడులు, మిస్సైల్, లేజర్, రెండు ఆప్షన్లు కావాలి. స్పీడు ఒక్కో గుళిక చొప్పున రెండు, మిస్సైల్‌కు రెండు, లేజర్‌కు నాలుగు, ఆప్షన్లకు ఐదు చొప్పున పది. మొత్తం 18 గుళికలు. లైఫ్ పోగానే ఈ పద్దెనిమిదీ సున్నా. గేము నిన్ను వెనక్కి లాగి ఒక చెక్‌పాయింట్ దగ్గర పెడుతుంది, చేతిలో ఒక్క తుపాకీ, ఎడ్లబండి వేగం. అక్కడ ఎదురొచ్చే శత్రువులు మాత్రం 18 గుళికల వాడి కోసం లెక్కగట్టి పెట్టినవాళ్లు. నీ రెండో లైఫ్, మూడో లైఫ్ ఎందుకు వరుసగా పోతున్నాయో అర్థమైందా?

నువ్వొక్కడివే కాదు. ఈ గేమును ఇంటి మిషన్‌కు మార్చే పనిలో ఉన్న కోనామీ ఉద్యోగి కజుహిసా హషిమోటోకు కూడా ఇదే బాధ. పరీక్షించాలంటే మొదటి నుంచి చివరిదాకా ఆడాలి, అంత ఆడడం ఆయన వల్ల కాలేదు. అందుకని తన కోసం ఒక దొంగదారి పెట్టుకున్నాడు: ఆట ఆపి పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ. దాదాపు అన్ని ఆయుధాలూ చేతికొస్తాయి. దాన్ని తీసేయకుండానే గేము బయటికి వచ్చింది. నీకు కాంట్రాలో 30 లైఫులు ఇచ్చిన మంత్రం ఇదే, పుట్టింది మాత్రం గ్రేడియస్‌లో. చేసినవాడే ఆడలేకపోయిన గేము నీకు రాలేదని బాధపడడం దేనికి?

ఆర్-టైప్ కూడా ఇదే బడిలో చదివింది, కాకపోతే ఇంకా కఠినమైన మాస్టారు. ఐరెమ్ 1987లో చేసింది. నీ ఓడకు ఫోర్స్ అనే ఒక గుండు తగులుకుంటుంది. ముందు పెట్టుకోవచ్చు, వెనక పెట్టుకోవచ్చు, విడిచిపెట్టి దూరంగా పంపవచ్చు. చిన్న తూటాలను అదే తినేస్తుంది. ఈ ఒక్క ఆలోచన కోసమైనా ఆ గేము ఆడాలి. మూడో స్టేజి మొత్తం ఒకే ఒక్క పెద్ద యుద్ధనౌక, దాని చుట్టూ తిరుగుతూ ముక్కలు ముక్కలుగా కూల్చాలి. కానీ ఇక్కడ చేతి వేగంతో పని జరగదు. ఎక్కడ ఎవడు వస్తాడో ముందే తెలిసి, వాడు రాకముందే నువ్వు అక్కడ ఉండాలి. ఎక్కాలు బట్టీ పట్టినట్టు పట్టాలి. లైఫ్ పోతే చెక్‌పాయింట్‌కు వెనక్కి. దీని రెండో భాగాన్ని కొంత మార్చి 1991లో సూపర్ నింటెండోకు సూపర్ ఆర్-టైప్ అని తెచ్చినప్పుడు ఆ చెక్‌పాయింట్లు కూడా తీసేశారు. బాస్ దగ్గర పోయినా స్టేజి మొదటికే. నేను దాన్ని పూర్తి చేయలేదు, చేయను కూడా.

ఇప్పుడు రెండో రకం. మెగా డ్రైవ్ మీద థండర్ ఫోర్స్ 3. జపాన్‌లో సాసెబో అనే ఊళ్లోని టెక్నోసాఫ్ట్ కంపెనీ 1990లో చేసింది. ఇందులో లైఫ్ పోతే అక్కడికక్కడే మళ్లీ పుడతావు. ఆయుధాలన్నీ పోవు, ఆ క్షణంలో చేతిలో ఏది ఉందో అదొక్కటే పోతుంది. దీంతో ఆట తీరే మారిపోతుంది. ఇక తప్పించుకోలేను అని తెలిసిన ఆ అర సెకనులో బటన్ నొక్కి, పోయినా పర్వాలేదు అనుకునే ఆయుధానికి మారిపోతే మంచిది దక్కుతుంది. ఇల్లు కాలిపోతుంటే బీరువా తాళాలు జేబులో వేసుకోవడం లాంటిది. ఓడ వేగానికి గుళికలు అక్కర్లేదు, ఒక బటన్‌తో నాలుగు వేగాలు మార్చుకోవచ్చు. మొదటి ఐదు గ్రహాల్లో దేనితో మొదలుపెట్టాలో కూడా నీ ఇష్టం. గ్రేడియస్‌లో విసిగి వచ్చినవాడికి ఇది మజ్జిగ నీళ్లు తాగినట్టు ఉంటుంది.

నా దుకాణంలో మెగా డ్రైవ్ చూసింది ఒకే ఒకసారి, అది కూడా బాగుచేయడానికి వచ్చినదే. 1995లో షా వాలెస్ కంపెనీ సెగా మిషన్లను మన దేశంలో అమ్మింది, ధర 18,000 రూపాయలు. అప్పట్లో ఆ డబ్బుకు పెద్ద కలర్ టీవీయే వచ్చేది. రిమోట్‌లో ఒక రబ్బరు ప్యాడ్ అరిగింది, అంతే. పావుగంట పని. నేను రెండు రోజులు ఉంచుకున్నాను. ఆ గేములో నిప్పుల గ్రహం ఉంటుంది, వెనక మంటలు అలలు అలలుగా ఊగుతుంటాయి. పక్క దుకాణాల వాళ్లు వచ్చి నిలబడి చూశారు. అలా ఊగించడం ఆ మిషన్‌కు తేలిక, ఎందుకంటే వెనక తెరలో ఒక్కో గీతనూ విడివిడిగా జరపగలదు. ముందొకటి, వెనకొకటి రెండు తెరలున్నాయి దానికి. ఒక గీతకు 20 కదిలే బొమ్మలు, తెర మొత్తం మీద 80. నా సమురాయ్‌కు ఒకటే తెర, గీతకు 8.

మరి సూపర్ నింటెండో? కాగితం మీద చూస్తే అదే గొప్ప. గీతకు 32 బొమ్మలు, మొత్తం 128, తెర మీద 256 రంగులు. మెగా డ్రైవ్‌కు 64 రంగులే. కానీ బొమ్మలు గీయడం ఒక పని, ఎవరు ఎటు పోవాలి, ఎవరికి తూటా తగిలింది అని లెక్క కట్టడం ఇంకో పని. ఆ రెండోది చేసేది ప్రాసెసర్. మెగా డ్రైవ్‌ది 7.6 మెగాహెర్ట్జ్. సూపర్ నింటెండోది ఎక్కువలో ఎక్కువ 3.58, తక్కువ ధర మెమరీ చిప్పులున్న క్యాసెట్‌తో 2.68. అంకెలను నేరుగా పక్కపక్కన పెట్టి కొలవకూడదు, రెండు ప్రాసెసర్ల పని తీరు వేరు. అయినా గ్రేడియస్ 3 ఆడితే తేడా నీ వేళ్లకే తెలుస్తుంది. నాలుగు ఆప్షన్లు పెట్టుకుని తెర నిండా తూటాలు వచ్చేసరికి గేము మొత్తం బెల్లం పాకంలో పడ్డట్టు నెమ్మదిస్తుంది. 2019లో ఒక అభిమాని దీనికి చిన్న మార్పు రాసి, ఎస్‌ఏ-1 అనే అదనపు చిప్పు ఉన్న క్యాసెట్ లాగా నడిచేట్టు చేశాడు. నెమ్మదితనం పోయింది. పోయాక తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ నెమ్మదితనమే ఇన్నాళ్లూ మనల్ని కాపాడింది! తూటాల మధ్య నుంచి తీరిగ్గా దూరినవాళ్లం ఇప్పుడు అదే చోట టపటపా రాలిపోతున్నాం.

అలాగని సూపర్ నింటెండో షూటర్లకు పనికిరాదు అనేవాళ్ల మాట వినకు. హిరోషిమాలోని కంపైల్ కంపెనీ 1992లో అదే మిషన్ మీద సూపర్ అలెస్టే చేసింది, ఎక్కడా పెద్దగా ఆగదు. మొదట్లో వచ్చిన గేములు చూసి మిషన్‌కు పేరు పెట్టారు, అంతే. నా దృష్టిలో ఆ మిషన్ అసలు బలం వేరే చోట ఉంది. వేగంలో పోటీ పడలేమని తెలిసినవాళ్లు దెబ్బ తగిలితే ఏం జరగాలి అన్నదాన్నే కొత్తగా ఆలోచించారు. క్యాప్‌కామ్ యూఎన్ స్క్వాడ్రన్ చూడు, 1991. ఒక్క తూటాకు చావవు. దెబ్బ తగలగానే డేంజర్ అని పడుతుంది, ఆ కాసేపు ఇంకో దెబ్బ తినకుండా తప్పించుకుంటే కోలుకుంటావు. సంపాదించిన డబ్బుతో విమానాలు, బాంబులు కొనుక్కుంటావు. యాక్సెలే, 1992. మూడు ఆయుధాలు పెట్టుకుని బయల్దేరతావు. తూటా తగిలితే అప్పుడు చేతిలో ఉన్న ఆయుధం పాడవుతుంది, ప్రాణం పోదు. శత్రువును నేరుగా గుద్దితే మాత్రం అంతే సంగతులు. అందులో పై నుంచి చూసే స్టేజీల్లో నేల పెద్ద డ్రమ్ము మీద చుట్టినట్టు దొర్లుకుంటూ వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు తిరిగాయి. ఇప్పటికీ అది అందం కోసం పెట్టారే గానీ ఆటకు పనికొచ్చేది కాదనే నా అభిప్రాయం, దూరంగా వచ్చేవి సరిగ్గా కనపడవు.

పీసీ ఇంజిన్ మన దగ్గర ఎవరూ చూడని మిషన్. 1987లో వచ్చింది. దాని ప్రాసెసర్ నా సమురాయ్‌లో ఉన్నదాని కుటుంబమే, కాకపోతే నాలుగు రెట్లు వేగం. ఊళ్లో ఉన్న తమ్ముడు, పట్నం పోయి బాగుపడ్డ అన్న అనుకో. వెనక తెర ఒకటే, అయినా గీతకు 16 బొమ్మలు గీస్తుంది. ఆర్-టైప్‌ను ఇంటి మిషన్‌కు మొదట బాగా తెచ్చింది ఇదే, 1988లో. ఒక కార్డులో (ఆ మిషన్‌కు క్యాసెట్ అంటే కార్డే) పట్టక జపాన్‌లో గేమును సగం సగం చేసి రెండు కార్డులుగా అమ్మారు. అక్కడి హడ్సన్ కంపెనీ ఏటా ఎండాకాలంలో జపాన్ అంతా తిరుగుతూ షూటర్ పోటీలు పెట్టేది, 1985లో స్టార్ ఫోర్స్‌తో మొదలైంది. ఆ అలవాటుతోనే ఈ మిషన్‌కు చేసిన సూపర్ స్టార్ సోల్జర్, సోల్జర్ బ్లేడ్ గేముల్లో రెండు నిమిషాల ఆట, ఐదు నిమిషాల ఆట అని విడిగా పెట్టారు. గడియారం తిరుగుతుంటుంది, ఎన్ని పాయింట్లు కొడతావో కొట్టు. ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాడికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైలెక్కి జనగామ దాటేలోపు నేను ఆరేడు సార్లు ఆడతాను.

కాబట్టి నన్ను ఒకే మిషన్ చెప్పమంటే మెగా డ్రైవ్ అంటాను, ఎక్కువ ఆలోచించకుండా. థండర్ ఫోర్స్ 3తో మొదలుపెట్టు. అది అయ్యాక ముషా ఆడు, 1990, ఇదీ కంపైల్ వాళ్లదే. కింది నుంచి పైకి పోయే రకం. అందులో ప్రత్యేక ఆయుధం చేతిలో ఉన్నప్పుడు దెబ్బ తగిలితే ఆయుధం పోతుంది, లైఫ్ మిగులుతుంది. సంగీతం మొదలైతే మా ఆవిడ ఇంకో గదిలోకి పోతుంది, అదొక్కటే ఇబ్బంది. ట్రక్స్‌టన్, హెల్‌ఫైర్ లాంటి టోప్లాన్ వాళ్ల గేముల జోలికి అప్పుడే వెళ్లకు, అవి మళ్లీ గ్రేడియస్ బాధే.

పాత ఫామికామ్ గేముల్లో నీకు తప్పకుండా చూపించాలనిపించేది ఒకటుంది, జానాక్. 1986, మళ్లీ కంపైల్. నేను వాళ్ల మనిషిని కాదు, ఈ విషయంలో వాళ్లకు చేయి తిరిగింది అంతే. జానాక్ నువ్వెలా ఆడుతున్నావో గమనిస్తూ ఉంటుంది. బాగా ఆడుతున్నా, ఎడాపెడా కాలుస్తున్నా శత్రువులను పెంచుతుంది. మన నకలు మిషన్ల రిమోట్లలో టర్బో బటన్లు ఉండేవి గుర్తుందా, ఒక్కసారి నొక్కి పట్టుకుంటే తూటాలు ధారగా పోయేవి? మనకు అదొక వరం. ఈ గేములో అదే శాపం. టర్బో నొక్కి కూర్చుంటే కాసేపట్లో తెర నిండా గుంపులు దిగుతాయి. అవసరమైనప్పుడే కాల్చేవాడికి దారి కాస్త తేలిక.

ఈ ఆలోచనను చివరిదాకా లాగింది బ్యాటిల్ గరెగ్గా, 1996 ఆర్కేడ్, 1998లో సెగా సాటర్న్‌కు వచ్చింది. నువ్వు కాల్చే తూటాలు, ఏరుకునే వస్తువులు, అన్నీ కలిపి లోపల ఒక లెక్క నడుస్తుంది. అది పెరిగేకొద్దీ గేము మీద పడుతుంది. దాన్ని తగ్గించే దారి లైఫ్ పోగొట్టుకోవడం. అందుకే గట్టిగా ఆడేవాళ్లు పాయింట్లు కొట్టి అదనపు లైఫులు సంపాదిస్తారు, వాటిని లెక్క చూసుకుని కావాలనే ఖర్చు పెడతారు. గ్రేడియస్‌లో చావు శిక్ష, ఇక్కడ చావు అప్పు తీర్చడం. నువ్వు ఇప్పుడే దీని దగ్గరికి రావద్దు, ఒక ఏడాది పోనీ.

ఇద్దరు కలిసి ఆడాలంటే లైఫ్ ఫోర్స్. గ్రేడియస్‌కు తోబుట్టువు, ఒక స్టేజి అడ్డంగా, ఒక స్టేజి నిలువుగా పోతుంది. పోయినచోటే మళ్లీ పుడతావు, పైన చెప్పిన మంత్రం కొడితే 30 లైఫులు. మా పెద్దోడికి నేర్పింది దీనితోనే. గుళికల కోసం ఇద్దరం కొట్టుకున్నాం కూడా. 1942 మాత్రం పెట్టవద్దు. ఆర్కేడ్‌లో మంచిదే, కానీ మన క్యాసెట్లలో ఉన్న ఫామికామ్ రకంలో సంగీతం పేరుతో ఒక విజిల్ మోత ఉంటుంది, పది నిమిషాలు వింటే తలనొప్పి ఖాయం. నిలువు గేముల విషయంలో ఇంకో మాట. ఆర్కేడ్‌లో జీవియస్, రైడెన్ లాంటివాటికి తెరను నిలువుగా పెట్టేవాళ్లు. ఇంట్లో టీవీ అడ్డంగా ఉంటుంది. కాబట్టి ఇంటికి వచ్చినప్పుడు నీకు, పై నుంచి వచ్చేవాడికి మధ్య దూరం తగ్గిపోయింది. అడ్డం గేములకు ఆ నష్టం లేదు. మొదట అడ్డం గేములు ఆడమనడానికి నాకున్న కారణాల్లో ఇదొకటి.

ఇక నువ్వు అడగకపోయినా చెప్పాల్సిన విషయం. నేను పదేళ్లు సమురాయ్ మీద స్టార్ ఫోర్స్ ఆడాను. చేయి తిరిగినవాణ్నే అనుకున్నాను. తర్వాత ఒకసారి కాజీపేటలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు, రేడియో ఇంజనీరింగ్ పిచ్చి ఉన్నవాడు, కంప్యూటర్‌లో అదే గేము పెట్టి ఆడమన్నాడు. రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. చేతులు చెమటలు పట్టాయి, పరువు పోయింది. అప్పటికి చత్వారం వచ్చిందేమో అనుకున్నాను. అసలు కారణం ఏమిటంటే, మన దేశం టీవీ పాల్ పద్ధతి, సెకనుకు 50 సార్లు తెర మారుతుంది. జపాన్‌ది 60. ఆ గేములు తెర మారిన ప్రతిసారీ ఒక అడుగు వేస్తాయి. మన మిషన్లు 50కి సరిపడా చేసినవి కాబట్టి మనం ఆడిందంతా ఆరింట ఐదు వంతుల వేగంతో. వాళ్లు ఐదు నిమిషాల్లో దాటే చోటును మనం ఆరు నిమిషాలు నింపాదిగా దాటేవాళ్లం. పాట కూడా అంతే నెమ్మది. నాకు ఇప్పటికీ స్టార్ ఫోర్స్ పాట అసలు వేగంలో వింటే ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది.

నీ చేతి గేములో ఒక్కో గేము రెండు మూడు రకాలుగా ఉండవచ్చు. యూరప్ రకం పెడితే 50 మీద నడుస్తుంది, అమెరికా లేదా జపాన్ రకం పెడితే 60 మీద. నేర్చుకునేది 60 మీదే నేర్చుకో, తర్వాత నాలాగా అవమానపడకుండా. దాన్ని టీవీకి తగిలించి ఆడతానంటే టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టు. ఇప్పటి టీవీలు బొమ్మను మెరుగులు దిద్ది చూపించడానికి కొంత సమయం తీసుకుంటాయి. నువ్వు నొక్కినదానికి, ఓడ కదిలినదానికి మధ్య ఆ ఆలస్యం పడుతుంది. సినిమాకు తెలియదు, షూటర్‌కు ప్రాణం మీదికి వస్తుంది. పాత డబ్బా టీవీలో ఈ బాధ లేదు. ఎవరింట్లో అయినా అటక మీద పనిచేసేది ఉంటే పాత సామానువాడికి ఇవ్వనీయకు.

చివరగా, సేవ్ స్టేట్, అంటే ఆటను ఏ క్షణంలోనైనా దాచుకుని మళ్లీ అక్కడి నుంచే ఆడే ఏర్పాటు, వాడితే దొంగాటా అని కూడా సందేహపడ్డావు. అడుగడుక్కీ సేవ్ చేస్తూ పోతే చివరికి చేరుతావు గానీ ఏమీ రాదు. దానికి నేను వాడే పద్ధతి వేరు. గ్రేడియస్ మూడో స్టేజిలో రాతి తలలు నోటి నుంచి రింగులు ఊదుతుంటాయి కదా, అక్కడ కావాలని ఒకసారి చచ్చిపో. గేము నిన్ను చెక్‌పాయింట్ దగ్గర ఉత్త చేతులతో నిలబెడుతుంది. సరిగ్గా అక్కడ సేవ్ చెయ్యి. ఇక ఆ ఒక్క ముక్కనే ఒక సాయంత్రమంతా ఆడు: మొదటి గుళిక ఎక్కడ పడుతుంది, దాన్ని స్పీడుకే వాడాలి, రెండోది అందేదాకా ఏ మూల నక్కాలి. ఆ పద్దెనిమిదిలో మొదటి మూడు గుళికలు ప్రాణంతో ఏరుకోవడం వచ్చిన రోజు మళ్లీ రాయి, నాలుగో స్టేజి గురించి మాట్లాడుకుందాం.